ఒకే ఇంట్లో ఇద్దరు హక్కుదారులు

(తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణపై దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన విషయం ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణ. కార్యాలయాల్లో దీన్ని రెగ్యులరైజేషన్ అంటారు. మన ఇళ్లలో ‘పర్మినెంట్ కావడం’ అంటారు. పేరు ఏదైనా, దాని కోసం ఎదురుచూస్తూ యౌవనం గడిపి, నడివయసు దాటిన మనుషులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు.

మనం కూర్చున్న ప్రాంతాన్నే ఒకసారి చూడండి. దిల్‌సుఖ్‌నగర్ అంటే రాష్ట్రమంతటికీ కోచింగ్ సెంటర్ల పేట. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ నోటిఫికేషన్ కోసం సంవత్సరాల తరబడి కాచుకుంటారు. మెట్రో ఎక్కితే ఇక్కడి నుంచి మూడో స్టేషన్ ఎల్‌బీనగర్. అక్కడ రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఉంది, నగరపాలక సంస్థ మండల కార్యాలయం ఉంది. ఆ కార్యాలయాల గడపల దగ్గర పదేళ్లుగా, పదిహేనేళ్లుగా తాత్కాలికంగానే పనిచేస్తున్న కంప్యూటర్ ఆపరేటర్లు, డ్రైవర్లు, అటెండర్లు, పారిశుద్ధ్య కార్మికులు కనిపిస్తారు. మొదటివారు కొత్త నియామకాలు కావాలంటారు. రెండోవారు ఉన్నవారిని పర్మినెంట్ చేయాలంటారు. ఉన్నవి అవే పోస్టులు. అందువల్ల కోర్టులో ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడుతున్నారు. మన సమాజంలోనైతే ఒక్కోసారి తండ్రి ఒక పక్షం, కొడుకు మరో పక్షం. ఈ ఇద్దరిలో ఎవరి హక్కునూ కాదనకుండా న్యాయం ఎలా అడగాలన్నదే ఈరోజు నేను మాట్లాడదలచిన అంశం.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం.

రాజ్యాంగంలోని 14, 16 అధికరణలు ప్రభుత్వ ఉద్యోగంలో పౌరులందరికీ సమాన అవకాశం ఇచ్చాయి. అంటే ఖాళీ ఉన్నదని ప్రకటించాలి, అర్హులందరినీ పోటీకి రానివ్వాలి, రిజర్వేషన్ పాటించాలి. ఈ మూడూ లేకుండా దొడ్డిదారిన చేరినవారిని తరువాత పర్మినెంట్ చేయవచ్చునా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2006 ఏప్రిల్ 10న తీర్పు చెప్పింది. అదే ఉమాదేవి కేసు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖలో దినసరి వేతనంపై పనిచేసినవారి వ్యాజ్యం అందులో ప్రధానమైనది. ఎక్కువ కాలం పనిచేసినంత మాత్రాన పర్మినెంట్ అయ్యే హక్కు రాదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. తాత్కాలిక ఉద్యోగుల పిటిషన్ వేసిన ప్రతిచోటా ప్రభుత్వ న్యాయవాది మొదట చదివేది ఈ మాటే.

అయితే ఆ తీర్పులోనే 53వ పేరా ఉన్నది. దాన్ని మాత్రం అంత గట్టిగా ఎవరూ చదవరు. చట్టవిరుద్ధమైన నియామకం వేరు, పద్ధతి తప్పిన నియామకం వేరు అని ఆ పేరా చెబుతుంది. ఎల్‌బీనగర్ వాసులకు ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. సొంత స్థలంలో, అనుమతి తీసుకుని కట్టిన ఇంటికి కొలతల్లో తేడా రావడం ఒకటి. చెరువు శిఖంలో ఇల్లు లేపడం మరొకటి. మొదటిదాన్ని రుసుము కట్టించుకుని సరిచేస్తారు. రెండోదాన్ని సరిచేయడానికి వీలులేదు. అలాగే మంజూరైన పోస్టు ఉండి, మనిషికి తగిన అర్హత ఉండి, ఎంపిక పద్ధతిలో మాత్రమే లోపం ఉంటే అది పద్ధతి తప్పిన నియామకం. అటువంటివారు కోర్టు ఉత్తర్వుల అండతో కాకుండా పదేళ్లు, అంతకుమించి పనిచేసి ఉంటే, వారిని ఒకసారి చర్యగా క్రమబద్ధీకరించే పనిని ఆరు నెలల్లో ప్రారంభించాలని సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. 2010లో ఎం.ఎల్. కేసరి కేసులో ఈ మాటను మరింత స్పష్టం చేసింది. అర్హులైనవారందరినీ పరిశీలించేంతవరకు ఆ ‘ఒకసారి చర్య’ పూర్తయినట్లు కాదన్నది. పరిశీలనకే రాకుండా మిగిలిపోయినవారికి ఇది ఇప్పటికీ పనికివచ్చే మాట.

‘కోర్టు ఉత్తర్వుల అండతో కాకుండా’ అన్న షరతును గుర్తుంచుకోండి. స్టే తెచ్చుకుని, ఆ స్టే బలంతోనే పదేళ్లు గడిపితే ఆ పదేళ్లు ఈ లెక్కలోకి రావు. తొలగింపు నోటీసు వచ్చినప్పుడు కోర్టుకు పోవలసిందే. కాని స్టే దొరికింది కదా అని కేసును అలా వదిలేయడం మంచిది కాదు.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. ఉమాదేవి తీర్పుకు పన్నెండేళ్ల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ సమస్యపై ఒక చట్టం చేసింది. అది 1994లోని 2వ చట్టం. 1993 నవంబరు 25 నుంచి అమలైంది. దినసరి వేతన నియామకాలను నిషేధించింది. అప్పటికే ఉన్నవారి సంగతి తేల్చడానికి 1994 ఏప్రిల్ 22న 212వ నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి వరుసగా ఐదేళ్లు పనిచేసినవారిని కొన్ని షరతులపై క్రమబద్ధీకరించవచ్చునన్నది. స్పష్టమైన ఖాళీ ఉండాలి, వయసు, విద్యార్హతలు సరిపోవాలి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ద్వారా వచ్చి ఉండాలి. వీటితోపాటు మరొక షరతు కూడా ఉన్నది. క్రమబద్ధీకరణ వల్ల రిజర్వు వర్గాలకు లోటు ఏర్పడితే దాన్ని రాబోయే ఖాళీల నుంచి పూడ్చాలి. ఈ షరతు దగ్గరికి నేను మళ్లీ వస్తాను.

ఆ గీతకు ఒకరోజు అటుగా ఉన్నవారు కూడా కోర్టులకు వెళ్లారు. 1998లో చట్టాన్ని సవరించి ఆ తేదీని మరింత గట్టి చేశారు. ఆ సవరణలను 2009లో మంజుల భాషిణి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎల్‌బీనగర్, గడ్డిఅన్నారం అప్పుడు వేర్వేరు మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్‌లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు మహానగరపాలక సంస్థలో కలిసినప్పుడు అవి కూడా అందులో ఉన్నాయి. ఇలాంటి విలీనాల్లో పాత మస్టర్ రోల్స్ ఎక్కడికి పోయాయో చెప్పేవారు ఉండరు. పనిచేసింది నిజమే అయినా, పనిచేసినట్లు కాగితం చూపలేని మనిషికి చట్టంలో ఎంత మంచి పేరా ఉన్నా ప్రయోజనం ఉండదు.

తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రభుత్వం 2016 ఫిబ్రవరి 26న 16వ నంబరు జీవో ఇచ్చింది. దాని ద్వారా 1994 చట్టంలో 10-ఎ అనే సెక్షన్‌ను చేర్చి, 2014 జూన్ 2 నాటికి కాంట్రాక్టు పద్ధతిలో ఉన్నవారిని క్రమబద్ధీకరిస్తామన్నది. నిరుద్యోగ అభ్యర్థులు దీన్ని హైకోర్టులో సవాలు చేశారు. కేసులు నడుస్తుండగానే 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులు పర్మినెంట్ అయ్యారు. వారిలో జూనియర్ లెక్చరర్లే ఎక్కువ. 2024 నవంబరులో హైకోర్టు ఆ 10-ఎ సెక్షన్‌ను కొట్టివేసింది. అయితే అప్పటికే క్రమబద్ధీకరణ పొందినవారిని మాత్రం కదిలించలేదు.

ఇందులో మనం నేర్చుకోవలసినది ఉంది. ముందు వరుసలో నిలిచినవారు గట్టెక్కారు. వెనుక ఉన్నవారికి ఆ తలుపు మూతపడింది. ఔట్‌సోర్సింగ్ వారికైతే ఆ తలుపు ఎన్నడూ తెరుచుకోలేదు, ఎందుకంటే ఆ జీవో కాంట్రాక్టు వారికి మాత్రమే వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే 2014 జూన్ 2 తేదీని ప్రాతిపదికగా తీసుకుని 2023లో శాసనసభ ద్వారా ప్రత్యేక చట్టం చేశారు. జీవోతో ఇచ్చిన మేలుకూ, సభలో చర్చించి చేసిన చట్టంతో ఇచ్చిన మేలుకూ కోర్టు ముందు నిలిచే బలంలో తేడా ఉంటుంది. ఎన్నికల ముందు చేతికి జీవో ఇచ్చి సన్మానాలు చేయించుకునే నాయకులను ఈ తేడా గురించి అడగాలి.

ఈమధ్య సుప్రీంకోర్టు ధోరణిలో ఒక మార్పు కనిపిస్తున్నది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో తీర్పు వచ్చింది. కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తోటపని చేసినవారిని 2018లో ఒక్కసారిగా తీసివేశారు. ఉమాదేవి తీర్పును న్యాయమైన హక్కులను కాదనడానికి ఆయుధంగా వాడుతున్నారని సుప్రీంకోర్టు తప్పుపట్టి, వారిని తిరిగి తీసుకుని క్రమబద్ధీకరించమన్నది. 2025 జనవరి 31న శ్రీపాల్ కేసులో ఘాజియాబాద్ నగరపాలక సంస్థ తోటమాలుల పక్షాన తీర్పు ఇచ్చింది. 2025 ఆగస్టు 19న ధరమ్ సింగ్ కేసులో ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సేవల కమిషన్‌లో మూడు దశాబ్దాలుగా ఉన్న దినసరి ఉద్యోగులను, అవసరమైతే అదనపు పోస్టులు సృష్టించి అయినా, పర్మినెంట్ చేయమన్నది. నిధులు లేవన్న ఒక్క మాటతో ప్రభుత్వం తప్పించుకోలేదని చెప్పింది. వేతనం విషయానికి వస్తే, తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి చేసే పనినే చేస్తుంటే ఆ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని 2016 అక్టోబరు 26న జగ్‌జీత్ సింగ్ కేసులో ఇదే కోర్టు చెప్పి ఉన్నది. కూలి చెల్లింపు విషయంలో మన ధర్మం ఏమి కోరుతుందో ఈ సభికులకు నేను గుర్తుచేయనక్కరలేదు.

ఈ తీర్పులు విని రేపే పర్మినెంట్ అవుతామని ఎవరూ అనుకోవద్దు. ఉమాదేవి ఐదుగురు న్యాయమూర్తుల తీర్పు. తరువాత వచ్చినవి ఇద్దరేసి న్యాయమూర్తుల ధర్మాసనాల తీర్పులు. అవి ఉమాదేవిని రద్దు చేయలేదు, దాన్ని ఎలా చదవాలో చెప్పాయి. ప్రతి కేసూ దాని కాగితాల మీదనే నిలుస్తుంది.

ఔట్‌సోర్సింగ్ వారి చిక్కు వేరే. వారికీ ప్రభుత్వానికీ మధ్యలో ఏజెన్సీ అనే గోడ ఉన్నది. ఏజెన్సీ మారుతుంది, టెండరు మారుతుంది, మనిషి మాత్రం అదే కుర్చీలో ఉంటాడు. ‘వీరు మా ఉద్యోగులు కారు’ అని శాఖ అంటుంది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు కార్మికులు వాటంతట అవే ప్రధాన యజమాని ఉద్యోగులు అయిపోరని చెప్పింది. కాని ఆ కాంట్రాక్టు పేరుకు మాత్రమే ఉన్న బూటకమని రుజువైతే వారు నేరుగా ఆ సంస్థ ఉద్యోగులేనని కూడా చెప్పింది. దాన్ని తేల్చవలసినది పారిశ్రామిక వివాదాలు విచారించే వేదిక. పని ఎవరు అప్పగిస్తున్నారు? సెలవు ఎవరు ఇస్తున్నారు? హాజరు ఎవరు వేస్తున్నారు? తీసివేయమని ఎవరు చెబుతున్నారు? ఈ ప్రశ్నలకు సాక్ష్యం కావాలి. నేరుగా హైకోర్టుకు పరుగెత్తే ముందు ఏ వేదిక సరైనదో అడిగి తెలుసుకోవడం అవసరం.

ఇక మన సమాజం దగ్గరకు వద్దాం. తెలంగాణ జనాభాలో ముస్లింలు 2011 లెక్కల ప్రకారం 12.7 శాతం. 2016లో నివేదిక ఇచ్చిన సుధీర్ కమిషన్ లెక్కలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మన భాగం 7.36 శాతం. ఈ లోటు తీరడానికి ఉన్న ప్రధాన మార్గం 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్. 2010లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో పద్నాలుగు వర్గాలకు అది కొనసాగుతున్నది. అంటే మన తాత్కాలిక ఉద్యోగి ఎంత తాత్కాలికమో, మన వాటా కూడా అంత తాత్కాలికమే.

ఆ వాటా ఎక్కడ పనిచేస్తుంది? నోటిఫికేషన్ వచ్చి, రోస్టర్ ప్రకారం భర్తీ జరిగినచోట. ఏజెన్సీ ద్వారా మనుషులను పెట్టుకున్నప్పుడు వందలో నాలుగు పోస్టులు ఎవరివని సాధారణంగా ఎవరూ అడగరు. పోస్టును ప్రకటించకుండా పదిహేనేళ్లు తాత్కాలికంతో నడిపితే, ఆ పదిహేనేళ్లూ మన పిల్లల రోస్టర్ పాయింట్లు నిద్రపోయినట్లే. తరువాత ఆ పోస్టులోని మనిషిని అలాగే పర్మినెంట్ చేస్తే ఆ పాయింట్ మళ్లీ లేవదు. కనుక క్రమబద్ధీకరణ అన్న ప్రతిసారీ చప్పట్లు కొట్టడం మనకు మేలు కాదు. అలాగని, మైనారిటీ గురుకులాల్లో ఔట్‌సోర్సింగ్ మీద పాఠాలు చెబుతున్న అమ్మాయిని, ఉర్దూ మాధ్యమ బడిలో వలంటీరుగా ఏళ్లు గడిపిన పంతులును, రోజూ తెల్లవారకముందే మన వీధి ఊడ్చే మనిషిని ‘పరీక్ష రాసి రాలేదు కదా’ అని తోసిపారేయడం కూడా న్యాయం కాదు. పరీక్ష పెట్టకపోవడం ప్రభుత్వం చేసిన తప్పు. పని చేయించుకున్నది ప్రభుత్వమే. ఆ తప్పుకు శిక్ష మాత్రం తాత్కాలిక ఉద్యోగికి ఒకవైపు, నిరుద్యోగికి మరోవైపు పడుతున్నది.

పారిశుద్ధ్య పనిలో ఉన్నవారిలో అత్యధికులు దళితులని మనకు తెలుసు. రోస్టర్ నిద్రపోతే నష్టపోయేది వారూ మనమూ కలిసే. కాబట్టి ఇది ముస్లింల కోరికగా విడిగా నిలబడవలసినది కాదు.

మనం అడగవలసినవి మూడు.

మొదటిది, లెక్క. ప్రతి శాఖా తనవద్ద ఉన్న కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, దినసరి ఉద్యోగుల జాబితాను ప్రకటించాలి. చేరిన తేదీ, మంజూరైన పోస్టు ఉన్నదీ లేనిదీ, సామాజిక వర్గం అందులో ఉండాలి.

రెండవది, ఉన్నవారికి న్యాయం. 53వ పేరా షరతులు నెరవేర్చినవారిని పరిశీలించి క్రమబద్ధీకరించాలి. ఆ షరతులకు అందని వారికి మధ్యేమార్గం ఒకటి మన రాష్ట్రంలోనే ఉన్నది. స్టాఫ్ నర్సుల నియామకంలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 వరకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. చేసిన సేవకు విలువ దక్కింది, కొత్తవారికి పోటీ దక్కింది, రోస్టర్ నడిచింది. వయోపరిమితి సడలింపుతో ఈ పద్ధతిని మిగిలిన శాఖలకూ విస్తరించమని అడగాలి.

మూడవది, రిజర్వేషన్ లోటు పూడ్చడం. క్రమబద్ధీకరణ వల్ల ఏ వర్గం పాయింట్లు పోయాయో లెక్కగట్టి, వాటిని తరువాతి నోటిఫికేషన్‌లో కలపాలి. ఇది కొత్త కోరిక కాదు. ఇందాక చెప్పిన 212వ జీవో 1994లోనే ఒప్పుకున్న సూత్రం.

చివరగా, ఇంటికి వెళ్లాక చేయవలసిన పని. నియామక పత్రం, కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు, జీతం పడిన బ్యాంకు పుస్తకం, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, డ్యూటీ వేసిన ఉత్తర్వులు, ఎన్నికల విధుల్లోనో సర్వేల్లోనో పనిచేసినప్పుడు ఇచ్చిన కాగితాలు, అన్నీ ఒకచోట చేర్చండి. లేనివాటి కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. హాజరుపట్టీ నకలు అడగండి.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, పీఎఫ్‌లో మొహమ్మద్, హాజరుపట్టీలో ఎండీ. పెళ్లికి ముందు ఖాతూన్, తరువాత బేగం. గుమస్తా విన్నది విన్నట్లు రాస్తాడు. పదేళ్ల తరువాత ఆ ముగ్గురూ ఒకే మనిషని కోర్టుకు రుజువు చేయవలసి వస్తుంది. ఉద్యోగంలో ఉండగానే వీటిని సరిచేయించుకోవడం తేలిక. తీసివేశాక చాలా కష్టం.

వకీలుకు ఇచ్చే స్తోమత లేదని వెనుకాడవద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత పరిమితిలోపు ఆదాయం ఉన్న వారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. ఎల్‌బీనగర్ కోర్టుల ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చదువుకుంటున్న కొడుకు, ఎల్‌బీనగర్ కార్యాలయంలో పనిచేస్తున్న తండ్రి ఒకరి ముద్ద ఒకరు లాక్కోవలసిన పరిస్థితిని తెచ్చింది వారిద్దరూ కాదు. ఖాళీలను ఏళ్ల తరబడి ప్రకటించకుండా ఉంచిన ప్రభుత్వాలు. ఆ ఇద్దరి సంతకాలూ ఒకే వినతిపత్రం మీద ఉండేలా చూడండి. ఈ సమావేశం నుంచి వెళ్లే వినతిపత్రం అలాంటిది కావాలని కోరుతున్నాను.